మోరీన్ కుర్చీ, ఆర్డిస్ పాయింట్లు

ఎల్స్‌మార్క్, నెబ్రాస్కా
1953 సెప్టెంబరు 14

మోరీన్,

నేనే ముందు చెప్పేస్తున్నాను. ఇంకొకరి నోట వింటే ఇంకా ఉడుక్కుంటావు. నీ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

మొన్న ఏప్రిల్ నెలలో బడి గోడలన్నిటికీ పోస్టర్లు అంటించి, అసెంబ్లీలో మీ నాన్న టోపీ పెట్టుకుని పాట పాడి మరీ గెలిచావు కదా, ఆ స్టూడెంట్ కౌన్సిల్ సెక్రటరీ పదవి. బాబాయికి ఒమాహాలో ఉద్యోగం వచ్చి మీరు సామాను సర్దుకుని వెళ్లిపోయారు, అది ఖాళీగా మిగిలింది. శుక్రవారం లాటిన్ క్లాసు అయ్యాక మిస్ ఎగర్టన్ నన్ను ఆగమంది. "నైగార్డ్ పిల్లే గెలిచింది, నైగార్డ్ పిల్ల దగ్గరే ఉండనీ" అంది, అదేదో నానమ్మ వెండి కాఫీ కెటిల్ అయినట్టు. నేను వద్దనలేదు. మర్యాదకైనా వద్దనాలని తోచలేదు. ఇన్నాళ్లూ బ్యాండులో వెనక వరసలో నిలబడి క్లారినెట్ ఊదడం తప్ప నేను చేసిందేముంది?

మొదటి మీటింగులోనే మొదలైంది. డెల్బర్ట్ క్రోగ్ లేడూ, వాళ్ల నాన్నకి కలప అడితి ఉందని ఊరంతా తనదే అన్నట్టు నడుస్తాడు, వాడు కుర్చీలో వెనక్కి వాలి, "మోరీన్ అయితే కుకీలు తెచ్చేది" అన్నాడు. తర్వాత ఇంకెవరో, "మోరీన్ అయితే ఇంత గట్టిగా చదివేది కాదు" అన్నారు. ఇంటికొచ్చి నేను రాసిన మినిట్స్ చూపిస్తే నానమ్మ కళ్లజోడు సవరించుకుని, "మోరీన్ రాత ముత్యాల్లా ఉండేది. ఇదేంటే, కోడి కెలికినట్టుంది" అంది. నువ్వు ఊరొదిలి పోయావు గానీ ఊరు నిన్ను వదల్లేదు.

రెండు వేల మంది పిల్లలున్న బడి ఎలా ఉంటుందో రాయి. అందరి పేర్లూ ఎలా గుర్తుపెట్టుకుంటారు?

నీ కుర్చీలో, కోడి రాతతో,
ఆర్డిస్

*

ఒమాహా
1953 సెప్టెంబరు 27

ప్రియమైన ఆర్డిస్‌కి,

అభినందనలు. మనస్ఫూర్తిగానే చెబుతున్నాను, నువ్వు నమ్మకపోయినా సరే. ఆ కుర్చీ ఎడమ కాలు కాస్త ఊగుతుంది, కింద అట్టముక్క మడిచి పెట్టుకో. ఆ అట్టముక్క కూడా నాదే.

ఒక్క మాట అనకుండా ఉండలేను. నేను చేతులకి రంగులంటించుకుని, గొంతు బొంగురుపోయేదాకా తిరిగి గెలిచిన పదవి నీకు లాటిన్ క్లాసు గుమ్మంలో దొరికింది. అదృష్టమంటే అదేనేమో. నేను ఏడవలేదులే. అమ్మతో కాస్త గొడవ పడ్డాను, అంతే.

నా గురించి బెంగ పడకు. ఇక్కడ గ్రేడన్ హైస్కూల్లో అన్నీ పెద్దవి. పొద్దున్నే హాజరు తీసుకునే హోమ్‌రూమ్ గదులే మన బడి క్లాసులన్నిటికంటే ఎక్కువ. మా గది వాళ్లు కౌన్సిల్‌కి ప్రతినిధిగా నన్నే ఎన్నుకున్నారు, కొత్తగా వచ్చినా సరే! ఇంకా, ఎథీనా క్లబ్బు అని ఒకటుంది, పిలుపు వస్తేనే చేరాలి, చేతికి తెల్ల గ్లౌజులు వేసుకుని టీ తాగుతారు. నాకు పిలుపు వచ్చింది. ఇది నానమ్మకి చదివి వినిపించు. గ్లౌజుల సంగతి రెండుసార్లు చదువు.

డెల్బర్ట్‌కి కుకీలు తేకు. ఒకసారి తెస్తే ఏడాదంతా తేవాలి.

ప్రేమతో,
మోరీన్

*

ఎల్స్‌మార్క్
1953 నవంబరు 22

ఎథీనా రాణీగారికి,

చదివి వినిపించాను. నానమ్మకి ఒక్కదానికే కాదు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో కాఫీ దగ్గర, "మా మోరీన్ ఉత్తరం వచ్చింది, ఆర్డిస్ చదువుతుంది" అని అందరినీ కూర్చోబెట్టింది. నువ్వు రాసిన గొప్పలు నా నోటితో చదవాలి! గ్లౌజుల దగ్గరికి వచ్చేసరికి మిసెస్ క్రోగ్, "పిల్ల ఎక్కడికి పోయినా వెలుగే" అంది. ఇంటికొస్తూ దారిలో నానమ్మ నా చెయ్యి నొక్కి, "నువ్వూ ఉన్నావులే, నీకు ఓపిక ఎక్కువ" అంది. ఓపికట! కుంటి గుర్రాన్ని నిమిరినట్టు. నాకు కడుపు మండిపోయింది, మోరీన్. దాచుకోను. ఆ రోజు నానమ్మ వేసిన తియ్యటి గుండ్రటి అట్లు, ఏబుల్‌స్కీవర్ కూడా తినలేదు. ఇంట్లో వాళ్లు నాకు జ్వరమనుకున్నారు.

ఇంకో సంగతి. గురువారం ఫుట్‌బాల్ జట్టుకి విందు జరిగింది. ఎప్పటిలాగే పెప్ క్లబ్బు అమ్మాయిలం వడ్డించాం. శరత్కాలమంతా చలిలో తెల్ల స్వెట్టర్లు వేసుకుని వాళ్ల కోసం గొంతు చించుకున్నది మేమే, మళ్లీ బంగాళాదుంపలు చిదిమి పళ్లేల్లో పెట్టిందీ మేమే. వాళ్లు తింటుంటే గోడ పక్కన నిలబడ్డాం. నా స్వెట్టర్ మీద గ్రేవీ పడింది. డెల్బర్ట్ తలైనా ఎత్తకుండా పళ్లెం చాపి, "ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. మిగిలింది వంటగదిలో నిలబడి తిన్నాం. ఇన్నేళ్లుగా ఇది ఎవరికీ వింతగా తోచలేదు. నాకూ తోచలేదు, గ్రేవీ పడేదాకా.

అందుకే ఒకటి నిర్ణయించుకున్నాను. వసంతంలో కౌన్సిల్ ప్రెసిడెంటుగా నిలబడతాను. మన బడిలో అమ్మాయి ఎప్పుడూ ప్రెసిడెంటు కాలేదని తెలుసు. గెలిస్తే నేను చేసే మొదటి పని, పెప్ క్లబ్బు పిల్లలు ఆ విందులో కూర్చుని తినడం. నవ్వకు. నాకిది నీ గ్లౌజులకంటే పెద్ద విషయం.

(అవి మోచేతి దాకా ఉంటాయా, మణికట్టు దాకానా? నానమ్మ అడగమంది.)

ఆర్డిస్

*

ఒమాహా
1953 డిసెంబరు 13

ప్రియమైన ఆర్డిస్‌కి,

మోచేతి దాకా.

ప్రెసిడెంటు ఆలోచన బాగుంది. నేనక్కడే ఉండి ఉంటే నేనే నిలబడేదాన్ననుకో. లేను కాబట్టి ఆ మాట అనవసరం. గెలిస్తే అట్టముక్క మర్చిపోకు, ఆ గదిలో కుర్చీలన్నీ ఊగేవే.

నాకు ఊపిరాడడం లేదు. క్రిస్మస్ డాన్సు ఏర్పాట్లు నా నెత్తిన పెట్టారు. పైగా ఎథీనా క్లబ్బులో సెక్రటరీ పదవి, బడి ఏటా వేసే ఇయర్‌బుక్ సంపాదకుల్లో చోటు. మొహమాటం కొద్దీ దేనికీ వద్దనడం నాకు రాదుగా. మన ఊళ్లో ఒక్క పదవి వస్తే ఊరేగింపు. ఇక్కడ మూడు నాలుగు లేని పిల్లని ఎవరూ పిల్లగా చూడరు.

ఇక్కడ భోజనాల గదిలో ఎవరి బల్ల వాళ్లది. మన దగ్గరలా ఎక్కడ పడితే అక్కడ కూర్చోకూడదు. నేను నాలుగు బల్లలు మారాను. పిలుపులు ఎక్కువై మారాను, అపార్థం చేసుకోకు.

నానమ్మ నా గది నీకిచ్చిందట, నాన్న చెప్పాడు. తలుపు వెనక నా ఎత్తు గీతలు చెరిపెయ్యకు.

మోరీన్

*

ఎల్స్‌మార్క్
1954 జనవరి 24

మోరీన్,

నీ గీతలు అలాగే ఉన్నాయి. పక్కన నావి గీసుకున్నాను. నీకంటే అర అంగుళం పొడుగున్నాను.

ఇప్పుడు నీ ఇయర్‌బుక్కులకీ ఎథీనాలకీ జవాబు చెబుతాను, విను. ఈ నెలలో క్లబ్బుల ఎన్నికలు జరిగాయి కదా. పెప్ క్లబ్బు ప్రెసిడెంటు ఎవరు? నేను. నాకు కావలసింది అదొక్కటే నిజానికి. కానీ ఆ ఆదివారమే నానమ్మ నీ డాన్సు కబురు మళ్లీ చర్చి అంతా చాటింది. నాకు ఒళ్లు మండింది. సోమవారం లాటిన్ క్లబ్బు వాళ్లు ప్రెసిడెంటుగా ఎవరైనా నిలబడండర్రా అని బతిమాలుకుంటుంటే చెయ్యి ఎత్తాను. లాటిన్‌లో నాకు వచ్చే మార్కులు నీకు తెలుసు. మిస్ ఎగర్టన్ ముఖం చూడాల్సింది. బుధవారం ఇయర్‌బుక్ ఉపసంపాదకురాలు కూడా అయ్యాను. నువ్వు ఇయర్‌బుక్‌లో ఉంటే నేనెందుకు ఉండకూడదు?

పాయింట్ల సంగతి చూసుకున్నానులే. పదవికి ఇన్ని పాయింట్లని, ఒక్కరికి మొత్తం పది దాటకూడదని పోయినేడు నియమం పెట్టారుగా. ఇప్పుడున్న సెక్రటరీకి రెండు, పెప్‌కి మూడు, లాటిన్‌కి మూడు, ఇయర్‌బుక్‌కి రెండు. సరిగ్గా పది! బడి మొత్తంలో నా ఒక్కదానికే. ప్రెసిడెంటుకి ఆరు పాయింట్లు కాబట్టి, ఎన్నికలప్పుడు లాటిన్‌నీ ఇయర్‌బుక్‌నీ వదిలేస్తాను; సెక్రటరీ పదవి ఎలాగూ ఈ బడి ఏడాదితో అయిపోతుంది. అప్పటిదాకా అన్నీ నావే.

నానమ్మ ఏమందో తెలుసా? "మోరీన్‌కి ఎన్నున్నాయి?" అంది.

పది పాయింట్ల ఆర్డిస్

*

(పోస్టుకార్డు)

ఒమాహా
1954 జనవరి 30

ఆర్డిస్, నీ ఉత్తరం అందింది. అన్నీ ఉంచుకో, ఏదీ వదలకు. ఇచ్చినప్పుడు ఎవరు కాదంటారు? నాకు తీరిక లేదు. నానమ్మకి ముద్దులు. మో.

*

ఎల్స్‌మార్క్
1954 మార్చి 21

మోరీన్,

నీకు హాయిగా ఉందా? ఉంటే ఈ ఉత్తరం కూర్చుని చదువు, పడిపోతావు సంతోషంతో.

శుక్రవారం నామినేషన్లు. నా పేరు పెప్ క్లబ్బు అంతా కలిసి పెట్టింది. నా పోస్టర్లు అయిపోయాయి కూడా, పడకగదిలో మంచం కింద ఆరుతున్నాయి. మిస్ ఎగర్టన్ నన్ను పక్కకి పిలిచి నియమాల కాగితం తీసింది.

"క్లబ్బు పదవులు డిసెంబరు దాకా ఉంటాయి ఆర్డిస్. ప్రెసిడెంటు సెప్టెంబరులో మొదలు. అన్నీ కలిపితే పది దాటుతుంది" అంది.

"లాటినూ ఇయర్‌బుక్కూ వదిలేస్తానండీ, ఇప్పుడే రాసిస్తాను" అన్నాను.

"అది కుదరదమ్మా. చేరిన నెలలోపైతే సరే, ఆ తర్వాత చేతిలో ఉన్న పదవిని మధ్యలో వదిలేసినవాళ్లు ఆ ఏడాది ఇంకోదానికి నిలబడకూడదు. ఇక్కడ రాసుంది చూడు" అని ఆగి, చాలా మెత్తగా, "ఇది పోయినేడు నియమాల కమిటీలో మీ మోరీన్ పట్టుబట్టి రాయించిందే కదా, నీకు చెప్పలేదా?" అంది.

పది పాయింట్లని బడిలో అందరికీ తెలుసు. దానికి ఈ తోక ఉందని ఎవరికి తెలుసు? రాసినవాళ్లకి తెలుసు!

డెల్బర్ట్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "అయ్యో, మన బడిలో అన్నీ నువ్వే అయిపోయావు కదా, ఇంకా ఇదెందుకు?" అన్నాడు. నేను ఏడవలేదు. ఇంటికొచ్చి పోస్టర్లు చింపేటప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు అర్థమైంది నాకు. గ్లౌజులు, డాన్సు, ఇయర్‌బుక్, మూడు నాలుగు లేని పిల్ల పిల్లే కాదు అన్న మాట! నేను ఉడుక్కుంటానని తెలుసు, ఉడుక్కుంటే పోటీకి అన్నీ నెత్తికెత్తుకుంటానని తెలుసు. నీ కుర్చీ పోయినందుకు నాకు ఏ కుర్చీ లేకుండా చేశావు. జనవరిలో అన్నీ చెప్పుకున్నాను నీకు, వెర్రిదానిలా, పాయింట్లతో సహా. "అన్నీ ఉంచుకో, ఏదీ వదలకు" అన్నావు.

నానమ్మకి ఏమీ చెప్పలేదు. చెప్పినా నిన్నే నమ్ముతుంది.

ఆర్డిస్ నైగార్డ్

*

ఒమాహా
1954 మార్చి 28

ఆర్డిస్,

ఇంటిపేరుతో సంతకం చేశావు. సంతోషం.

ఆ తోక నీ కోసం పెట్టింది కాదు. డెల్బర్ట్ వాళ్లక్క లవోన్ కోసం. పెద్ద పదవి కనబడగానే చేతిలో ఉన్న చిన్న క్లబ్బుని నడిరోడ్డు మీద వదిలేసి పోయేది. కోరస్ క్లబ్బు అలాగే మూతపడింది, అందులో పాడేదాన్ని నేను. అందుకే పట్టుబట్టాను. అప్పటికి నువ్వు క్లారినెట్ ఊదుకుంటున్నావు. రాబోయే ఏడాది నీకు ఇన్ని ఆశలు పుడతాయని నాకు కలొచ్చిందా?

నాకు పదవులుంటే అది నీ మీద కుట్రా? లోకంలో అందరూ పొద్దున లేవగానే ఆర్డిస్‌ని ఎలా ఏడిపిద్దామా అని ఆలోచించరు. నాకు వేరే పనులున్నాయి. ఏప్రిల్లో రాష్ట్రంలోని స్టూడెంట్ కౌన్సిళ్లన్నిటి మహాసభ మా బడిలోనే. అతిథుల కమిటీలో నేను లేకపోతే కాలు కదలదు ఇక్కడ. నీ కోపం తగ్గాక రాయి.

మోరీన్

*

ఎల్స్‌మార్క్
1954 ఏప్రిల్ 11

మోరీన్,

కోపం తగ్గలేదు. కబురు చెప్పడానికి రాస్తున్నాను.

డెల్బర్ట్ గెలిచాడు. ఎదురు నిలబడింది పదో తరగతి పిల్లాడొకడు. ప్రసంగం మధ్యలో వాడికి ముక్కు నుంచి రక్తం కారింది. మీ మహాసభకి ప్రతి బడి నుంచీ కొత్త ప్రెసిడెంటూ, ఇప్పటి సెక్రటరీ కూడా రావాలట. అంటే డెల్బర్టూ, నేనూ. బస్సులో పక్కపక్కన.

నానమ్మ చెప్పమంది: "మోరీన్ వేదిక మీద ఎక్కడ కూర్చుందో, ఏం వేసుకుందో కళ్లారా చూసి వచ్చి చెప్పు." చూస్తాను. చప్పట్లు మాత్రం కొట్టను.

ఆర్డిస్

*

(పోస్టుకార్డు)

ఒమాహా
1954 ఏప్రిల్ 15

ఆర్డిస్, నన్ను వెతక్కు. మహాసభలో నాకు క్షణం తీరదు. వేదిక మీద ఉండకపోవచ్చు, వెనక పనులు చూడాలి. శనివారం మధ్యాహ్నం భోజనానికి ఆగకుండా వెళ్లిపోతే మంచిది, బస్సుల్లో చోటు దొరకదు. మో.

*

ఒమాహా
1954 ఏప్రిల్ 25

ఆర్డిస్,

చూశావు కదా. కళ్లారా చూడమంది నానమ్మ, చూశావు.

వేదిక మీద లేను. అతిథుల కమిటీలో లేను. నీ బల్ల దగ్గరికి బంగాళాదుంపల పళ్లెం పట్టుకొచ్చింది నేనే. భోజనాల గదిలో వడ్డించడానికి మనుషులు తక్కువయ్యారని, ఏ క్లబ్బులోనూ లేనివాళ్లు రమ్మని హోమ్‌రూమ్‌లో అడిగారు. మా గదిలో చెయ్యి ఎత్తింది ఇద్దరం. నిన్ను దూరం నుంచైనా చూడాలనిపించి ఎత్తాను. మీ బల్ల నాకే పడుతుందని అనుకోలేదు.

ఎథీనా క్లబ్బు ఉంది, అందులో నేను లేను. ఆ గ్లౌజులు ఒకసారి మెట్ల మీద చూశాను. హోమ్‌రూమ్ ప్రతినిధి వేరే అమ్మాయి. క్రిస్మస్ డాన్సుకి నేను వెళ్లనే లేదు. సెప్టెంబరు నుంచీ ఇక్కడ నా పేరు తప్పు లేకుండా పిలిచినవాళ్లు ఎంతమందో చెబితే నీకు నవ్వొస్తుంది.

నవ్వావుగా. తల ఎత్తావు, నన్ను గుర్తుపట్టావు. నీ ముఖం మారడం చూశాను. "థాంక్యూ" అన్నావు, ఎవరో పనిమనిషికి అన్నట్టు. వెంటనే అటు తిరిగిపోయావు. నవ్వు ఆపుకోలేక పాల గ్లాసు కూడా తోసేశావు. బల్లంతా గోల. నేను పళ్లెం అక్కడే పెట్టి వంటగదిలోకి పారిపోయాను.

నువ్వు నా కుర్చీలో కూర్చున్నావు, నా గదిలో పడుకుంటున్నావు, నానమ్మ పక్కన కూర్చుని నా ఉత్తరాలు చదువుతున్నావు. నీ దగ్గర లేని ఒక్కటైనా నాకుందని అనిపించుకోవాలని రాశాను అవన్నీ. ఇప్పుడు అదీ నీ చేతికే వచ్చింది. ఈపాటికి ఊరంతా చెప్పేసుంటావు. చెప్పుకో. చర్చిలో చదువు, గట్టిగా.

మోరీన్

*

ఎల్స్‌మార్క్
1954 మే 2

ఒసేయ్ మొద్దూ,

పాలు ఒలకలేదు. ఒలకబోశాను. నిండు గ్లాసు, డెల్బర్ట్ ఒళ్లో.

వాడు నా పక్కనే కూర్చున్నాడని చూడలేదా నువ్వు? నువ్వు పళ్లెంతో వంగేసరికి వాడు రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. ఇంకో క్షణంలో తల ఎత్తేవాడే. నిన్ను చూస్తే ఎల్స్‌మార్క్ చేరేలోపే బస్సులో పాట కట్టేవాడు. రాత్రికి వాళ్లమ్మ మిసెస్ క్రోగ్, ఆదివారం చర్చి, ఆ తర్వాత నానమ్మ. నాకు ఇంకేమీ తోచలేదు, గ్లాసు తోసేశాను. వాడు పైకి ఎగిరి కూర్చుని, "నీకేమైనా పిచ్చా!" అని అరిచాడు. వాడు తుడుచుకుంటుంటే నువ్వు మాయమయ్యావు. ఆ తర్వాత కొత్త ప్రెసిడెంట్లందర్నీ వేదిక మీదికి పిలిచారు. తడి ప్యాంటు ముందు నా మినిట్స్ పుస్తకం అడ్డం పెట్టుకుని నడిచాడు. మూడు వందల మంది చూశారు. నేను నవ్వింది అప్పుడు.

ఇదంతా నీ మీద ప్రేమ అనుకోకు. బస్సులో వస్తున్నంతసేపూ ఒకటే అనుకున్నాను, మోరీన్ వేదిక మీద ఉంటే మొహం తిప్పుకుంటాను, చప్పట్లు కొట్టను, దాని కళ్లలో పడేలా కొట్టకుండా కూర్చుంటాను అని. తీరా చూస్తే నీ స్వెట్టర్ మీద గ్రేవీ మరక. నాకు నవంబరు గుర్తొచ్చింది.

కానీ నాకు ఎంత కోపంగా ఉందో తెలుసా? చలికాలమంతా కుళ్లి చచ్చాను. తిండి మానేశాను. నాకు రాని లాటిన్‌కి ప్రెసిడెంటునయ్యాను. ఎవరిని చూసి? అసలు లేని మనిషిని చూసి! మోచేతి దాకా గ్లౌజులట! కనీసం మణికట్టు దాకా అని రాసుంటే లాటిన్ క్లబ్బు దగ్గర ఆగేదాన్ని.

నానమ్మకి చెప్పాను, మోరీన్ నీలం గౌను వేసుకుని ముందు వరసలో కూర్చుందని. అబద్ధాలు నాకూ వచ్చు.

ఒక్కటి అడుగుతాను. నువ్వు బల్ల దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడ్డావు కాబట్టి నన్ను ఉసిగొల్పడానికి గొప్పలు రాయలేదని నమ్ముతున్నాను. కానీ జనవరిలో నేను పాయింట్లు లెక్కగట్టి రాసినప్పుడు, వదిలేస్తానని రాసినప్పుడు, నీకు ఆ తోక గుర్తుందా, లేదా? ఇందులో మాత్రం కోతలు కొయ్యకు.

ఆర్డిస్

*

ఒమాహా
1954 మే 9

ఆర్డిస్,

గుర్తుంది.

నీ ఉత్తరం చదువుతుండగానే గుర్తొచ్చింది. నేను రాసిన వాక్యమే కదా. కార్డు తీసుకుని కూర్చున్నాను, చెబుదామనే. భోజనాల గదిలో ఆ రోజు కూడా బల్ల చివర కూర్చుని తిని వచ్చాను. ఇది నా కుర్చీ తీసుకుంది, ఇప్పుడు ప్రెసిడెంటు కుర్చీ కూడానా, అనుకున్నాను. "అన్నీ ఉంచుకో" అని రాసి, మనసు మారుతుందేమోనని పరిగెత్తి డబ్బాలో వేశాను. నువ్వు ఓడిపోవాలని కోరుకోలేదు. గెలవకూడదని కోరుకున్నాను. అప్పుడు ఆ రెండూ వేరనిపించింది.

పాల సంగతి చదివాక అమ్మ ముందు కూడా తల ఎత్తలేకపోయాను. నేను నీకు చేసింది అదీ, నువ్వు నాకు చేసింది ఇదీ.

ఒక చిన్న విషయం. నమ్మితే నమ్ము. మహాసభలో నా పక్కన బఠాణీలు వడ్డించిన అమ్మాయి పేరు రోవేనా జెలెంకా. నేను వంటగదిలో ఏడుస్తుంటే ఏమీ అడగలేదు, నా బల్ల కూడా తనే చూసుకుంది. మా గదిలో చెయ్యి ఎత్తిన రెండోది అదే. మంగళవారం వచ్చే ఏటికి ప్రతినిధి ఎన్నికయ్యాక, అతనికి బదులు వెళ్లడానికి ఒకరు కావాలంటే అది లేచి, "మోరీన్ నైగార్డ్" అంది. ఇంటిపేరుతో సహా, సరిగ్గా. ఇంకెవరూ నిలబడలేదు. అంటే అసలు ప్రతినిధికి జలుబు చేస్తే నేను వెళ్లాలి. మన బడి లెక్కన ఒక్క పాయింటు కూడా రాదేమో.

నానమ్మకి చెప్పకు. డాన్సులూ గ్లౌజులూ విన్నావిడకి ఇదేం ఆనుతుంది?

మోరీన్

*

ఎల్స్‌మార్క్
1954 మే 16

మోరీన్,

ఒక్క పాయింటు వస్తుంది. మిస్ ఎగర్టన్‌ని అడిగాను.

నమ్మాను. ఇంత చిన్న అబద్ధం నువ్వు ఆడవు.

నానమ్మకి చదివాను, చర్చిలో కాదు, వంటింట్లో. జనవరి సంగతి ఉన్న ముక్క వదిలేసి, జలుబు ముక్క ఒక్కటే. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి, "ఆ బఠాణీల పిల్లని వేసవిలో ఇక్కడికి తీసుకురమ్మను" అంది. గ్లౌజుల గురించి అడగనే లేదు. ముసలావిడకి ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం లేదు.

జనవరి నేను మర్చిపోలేదు. ఎప్పుడు మర్చిపోతానో చెప్పలేను. మంచం కింద నేల మీద ఇంకా ఎర్ర రంగు మరకలున్నాయి, ఊడ్చినప్పుడల్లా నిన్ను తిట్టుకుంటాను. వేసవిలో వచ్చినప్పుడు అవి గోకే పని నీదే.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. నీ ఉత్తరం చదివి మళ్లీ కుళ్లుకున్నాను. అవును, ఆ ఒక్క పాయింటుకే. నా పది పాయింట్లలో రెండు నువ్వొదిలేసినవి, మిగతావాటిలో సగానికి పైగా నీ మీద కడుపుమంటతో చెయ్యెత్తి తెచ్చుకున్నవి. నేను ఏడుస్తుంటే నా బల్ల చూసుకుని, తర్వాత లేచి నా పేరు చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఎథీనా క్లబ్బుకంటే ఇదే ఎక్కువ మండింది.

సరే, ఇది విను. నవంబరులో డెల్బర్ట్ ప్రెసిడెంటు హోదాలో ఫుట్‌బాల్ విందుకి పెద్దరికం వహిస్తాడు. వడ్డించాల్సింది ఎవరు? పెప్ క్లబ్బు. డిసెంబరు దాకా పెప్ క్లబ్బు ప్రెసిడెంటు ఎవరు? మొన్న పిల్లలందరినీ కూర్చోబెట్టి ఓటు పెట్టాను. ఈసారి మేం బల్లల దగ్గర కూర్చుంటాం, గిన్నెలు బల్ల మీద ఉంటాయి, ఎవరిది వాళ్లు వడ్డించుకుంటారు. ఒక్క చెయ్యి కూడా వ్యతిరేకంగా లేవలేదు. డెల్బర్ట్ పరిగెత్తుకుంటూ వచ్చి, "నువ్వు ఆ పదవి వదిలెయ్యి, ఇంకేదైనా పెద్దది ఇప్పిస్తాను" అన్నాడు.

"మధ్యలో వదలకూడదట, మా మోరీన్ రాసింది" అన్నాను.

ఆర్డిస్